తోక అంటే ఏ పక్క?

వర్క్‌షాపులో కొత్తగా చేరిన పిల్లలు అప్పుడప్పుడు సాయంత్రం మా ఇంటి ముందు బండి ఆపి, "అంకుల్, మీ రోజుల్లో పనెలా ఉండేది?" అని అడుగుతారు. బోగీల గురించో, ఆవిరి ఇంజన్ల గురించో చెబుతానని ఆశపడతారు. నేను గేలం కర్ర గురించి మొదలుపెడతాను. కాసేపు మర్యాదకి తల ఊపి, టీ తాగేసి వెళ్లిపోతారు. చదివేవాళ్లతో నాకా బాధ లేదు. మీరు మధ్యలో లేచిపోయినా నాకు కనపడదు, నేను చెప్పుకుంటూనే పోతాను.

మా షాపులో ఒక మేస్త్రీ ఉండేవాడు. ఫిట్టర్లందరికీ పెద్ద. తాతల కాలంలో రైల్వే పని కోసం శ్రీకాకుళం పక్కనుంచి ఈ బెంగాలీ ఊరికి వచ్చి, నిమ్‌పురా పేటలో పాతుకుపోయిన క్రైస్తవ కుటుంబం, మా వాళ్లకి దూరపు చుట్టం. నేను మావా అనేవాణ్ణి, ఆయన అల్లుడూ అనేవాడు. ఆయనకి కూతుళ్లు లేరు లెండి, వట్టి పిలుపే. పని మాత్రం ఆయన దగ్గరే నేర్చుకున్నాను.

మావ మొదట్లో లోకో షెడ్డులో చేసి తర్వాత షాపుకి వచ్చినవాడు. షెడ్డు వదిలినా ఆ భాష వదల్లేదు. లోకంలో ఉన్న ప్రతి వస్తువుకీ ఆయన లెక్కలో ఒక ఇంజను పక్క, ఒక తోక పక్క ఉండేవి. ముందుకి పోయేది ఇంజను, వెనక మిగిలేది తోక. చర్చిలో తోక పక్క బెంచీ అంటే గుమ్మం దగ్గరది. పెళ్లి భోజనాల్లో తోక పక్కకి వడ్డన రాలేదని ఆయన అరిస్తే బయటి చుట్టాలు బిత్తరపోయేవారు. మేం నవ్వుకునేవాళ్లం. ఆ మాటే ఆయన కొంప ముంచుతుందని ఎవరనుకుంటారు?

ఆయనకి చేపల పిచ్చి. ఆస్ట్రేలియా వెళ్లిపోతూ ఒక ఆంగ్లో ఇండియన్ డ్రైవరు తన గేలం కర్ర మావకి ఇచ్చి వెళ్లాడు. ఫైబర్‌ది, ముదురు గోధుమ రంగు, దారం చుట్టుకునే చక్రం బిగించినది. చేత్తో పట్టుకునే మొదలు నా బొటనవేలంత లావు. పోను పోను సన్నబడి, కొస చీపురుపుల్లలా ఉండేది. చెరువు గట్టున మా వాళ్లందరి చేతుల్లో ఛిప్‌లనే మామూలు వెదురు గేలాలు ఉంటే, ఈయన చేతిలో ఆ దొరగారి కర్ర. గోల్ బజార్లో ఎర్ర చీమల గుడ్లు కొని, ఆవపిండితో కలిపి ముద్ద చేసి, గంటలకి గంటలు నీళ్ల మీద తేలే బెండు వైపు చూస్తూ కూర్చునేవాడు. పక్కన నేను.

"కర్ర ఒంగాలిరా అల్లుడూ. అది ఒంగితే మనం ఒంగక్కర్లేదు" అనేవాడు. చేప లాగినప్పుడు ఆ సన్నటి కొస ముందు వంగుతుంది, తర్వాత నడుం వంగుతుంది. చేప విసురంతా ఆ వంపులోనే అరిగిపోతుంది. చేతి దాకా వచ్చేసరికి మిగిలేది చిన్న గుంజులాట. అందుకే కొసని ఎవర్నీ ముట్టుకోనిచ్చేవాడు కాదు.

ఒకరోజు షాపులో చైన్ పుల్లీ జారి, దాని గుంజుకి మావ కుడి భుజం పట్టు తప్పింది. ఎముక విరగలేదు కానీ లోపల ఏదో నరం దెబ్బతింది. కట్లు కట్టారు, కాపడాలు పెట్టారు, కొంత నయమైంది. సుత్తి పట్టగలడు, స్పానర్ తిప్పగలడు. కానీ రైల్వే హాస్పిటల్ కాగితాల్లో ఆయన పేరు పక్కన ఒక ప్రశ్న పడింది. ఫిట్టర్ పనికి పనికొస్తాడా, లేక తీసేసి ఏ గేటు దగ్గరో లైట్ డ్యూటీకి వేయాలా? పూజల సెలవులయ్యాక చూసి తేలుస్తానన్నాడు డాక్టరు.

మీకిది చిన్న విషయంలా ఉండొచ్చు. కుర్చీలో కూర్చునే పని, హాయి కదా అంటారు. మా షాపులో ఒక ఆచారం ఉండేది. ఎవరైనా రిటైరయ్యే రోజు తన బెంచీ దగ్గర పనిముట్లు అప్పగించి బయటికి నడుస్తుంటే, షాపులో ఉన్న ప్రతివాడూ సుత్తి తీసుకుని బెంచీ మీదో, పట్టా ముక్క మీదో కొట్టేవాడు. ఆ మనిషి గుమ్మం దాటేదాకా ఆ మోత ఆగకూడదు. దండలూ ఉపన్యాసాలూ అందరికీ ఉంటాయి, ఆ మోత మాత్రం బెంచీ మీదనుంచి వెళ్లేవాడికే. గేటు దగ్గర కూర్చున్నవాడికి లేదు. మావ ఎంతోమందికి కొట్టాడు. తన వంతు కోసం ఎదురుచూస్తున్నాడు. ఆయనకి ఇక కావలసింది అదొక్కటే.

ఆ డాక్టరు బెంగాలీ ఆయన. మంచివాడే. ఆయనకీ చేపల పిచ్చి ఉంది. విశ్వకర్మ పూజ అయిన తర్వాతి ఆదివారం రైల్వే చెరువు దగ్గర చేపల పోటీ పెట్టేవారు, దానికి ఆయనే పెద్దమనిషి. మావ బుర్రలో ఒక ఆలోచన పుట్టింది.

"ఆ గదిలో సెయ్యెత్తు, దించు అంటే ఏటి తెలుస్తాది? ఆయన కళ్ల ముందే ఒక పెద్ద బొచ్చె సేప లాగినాననుకో, మరి కాగితం ఎందుకురా?"

"కర్ర పొడుగు కదా మావా. నీ భుజం తట్టుకోదు."

"అదే కదా నేనంటున్నాను. పొడుగున్నకొద్దీ ఆ బరువంతా భుజం మీదకే వస్తాది. ఒక మూరెడు తగ్గించీసి, సక్రం కాస్త ముందుకి జరుపుకుంటే సరి."

"ఏ పక్క కొయ్యాలి?"

"ఏ పక్కేటి? తోక పక్కే. కొస ముట్టుకున్నావా, సంపీగలను!"

తోక అంటే చేతిలో ఉండే లావు పక్క. గట్టున ఆయన పక్కన కూర్చుని చేపలు పట్టినవాణ్ణి కాబట్టి నాకు తెలుసు. ఆయనకి కర్ర అంటే నీళ్ల మీదకి బయల్దేరిన బండి. కొస ఇంజను, చేతిలో ఉన్నది గార్డు పెట్టె. విశ్వకర్మ పూజ అయ్యాక నేనే కోసిపెడతానన్నాను. పూజ రోజు లేతులకీ బెంచీలకీ బంతిపూల దండలు వేశారు, పెళ్లాం పిల్లలు వచ్చి షాపు చూసి వెళ్లారు, కుర్రకారు గాలిపటాలు ఎగరేశారు. మర్నాడు ఎక్కడో గూడ్సు పట్టాలు తప్పిందని సైరన్ మోగింది. నన్ను బ్రేక్‌డౌన్ బండి ఎక్కించారు.

నేను ఎప్పుడొస్తానో తెలియక మావ ఆ కర్ర తీసుకెళ్లి మా టర్నరుకి ఇచ్చాడు. టర్నరు తెలుగువాడే, ఝపటాపూర్‌లో ఉండేవాడు. నాకంటే కొంచెం పెద్ద, అన్నా అని పిలిచేవాణ్ణి. లేతు మీద అలాంటి చెయ్యి మా షాపులో ఇంకొకటి లేదు. కానీ జన్మలో గేలం పట్టినవాడు కాదు, చేప వాసన కూడా పడదు. లేతుల మోతలో మావ ఆయన చెవి దగ్గర అరిచి చెప్పింది ఇదీ: "తోక మూరెడు కోసీ. మిగతాది నేను సూసుకుంటాను."

ఆవు తోక సన్నం, ఎలక తోక సన్నం, చేప తోక సన్నం. టర్నరు సన్నటి పక్క మూరెడు కోసేశాడు.

నేను ఆదివారం పొద్దున తిరిగొచ్చాను. గ్రీజు బట్టలతోనే నిమ్‌పురాలో మావ క్వార్టరుకి వెళ్తే, అత్త గుమ్మంలోనే పట్టుకుంది.

"ఆదివారం పూట సర్చి మానేసి సేపలకెల్తాడంట. నువ్వైనా సెప్పు. రాత్రి నుంచి ఆ కర్ర ఒళ్లో ఎట్టుకుని కూకున్నాడు."

మావ మంచం మీద కూర్చుని ఉన్నాడు. కర్ర నా చేతికిచ్చాడు. చూడగానే కొస పోయిందనీ, కోసింది మా టర్నరేననీ తెలిసింది. పని మాత్రం ఎంత అందంగా ఉందో! కోసిన చోట అంచు అద్దంలా నునుపు. గేలం దారం దూరడానికి సరిపడా ఇత్తడి రింగు లేతు మీద తిప్పి, బిగించి, ఎర్ర దారం చుట్టి, వార్నిష్ వేశాడు. ఎక్కడా వంక పెట్టడానికి లేదు, కోసిన పక్క తప్ప. కొస నేలకి ఆనించి నొక్కాను. వంగలేదు. ఇంకా గట్టిగా నొక్కితే, ఇష్టం లేనట్టు మధ్యలో కొంచెం కదిలింది.

మీలో గేలం పట్టనివాళ్లకి చెబుతున్నాను. లావు పక్క కోస్తే కర్ర కురచవుతుంది కానీ స్వభావం పెద్దగా మారదు. వంగే కొస అలాగే ఉంటుంది. పట్టుకున్నవాడి మీద భారం తగ్గుతుంది, అంతే. సన్నటి పక్క కోస్తే మిగిలేది కర్ర కాదు, గెడ. చేప లాగిన ప్రతి గుంజూ తిన్నగా చేతికి, చేతిలోంచి భుజానికి వస్తుంది. కొలత చూస్తే రెండూ ఒకటే.

"మావా, దీంతో వద్దు. పెద్ద చేప పడిందంటే భుజం ఊడొస్తాది. ఇంకో కర్ర అడిగి తెస్తాను."

"అయ్యన్నీ పొడుగేరా. ఇదైనా పొట్టిగుంది కదా."

"ఈ పక్కెందుకు కోసినావని టర్నరన్నని అడగలేదా?"

"ఏటడుగుతాను? ఎర్ర దారం సుట్టి మరీ ఇచ్చినాడు, ఎలాగుందని ముఖం కేసి సూసినాడు. బాగుందన్నాను. కోసినాక అతకదు కదా." కర్ర నా చేతిలోంచి తీసుకుని, "డాక్టర్ బాబు ఈ రోజు కనపడతాడు. మళ్లీ ఎప్పుడు కనపడతాడో ఏటో" అన్నాడు.

చెరువు గట్టున షామియానా వేశారు. డాక్టరు గొడుగు కింద కూర్చుని, టీ తాగుతూ, అందర్నీ పలకరిస్తున్నాడు. మావని చూసి, "కీ మిస్త్రీ, భాలో?" అని, బాగున్నావా అన్నట్టు నవ్వాడు. మావ కుడిచేత్తోనే నమస్కారం పెట్టాడు, కావాలని, చెయ్యి బాగా పైకెత్తి. డాక్టరుకి కనపడేంత దూరంలోనే చోటు చూసుకున్నాడు. నేను వెనకాల కూర్చున్నాను. చిన్న చేపలు వచ్చి ఎర కొరుకుతుంటే మామూలుగా కొసలో తెలిసేది. ఇప్పుడేమీ తెలియడం లేదు. మావ రెండుసార్లు ఖాళీ గేలం పైకి లాగాడు.

ఎండెక్కాక బెండు ఒక్కసారి మునిగింది. మావ లేచి నిలబడి లాగాడు. పెద్దదే పడింది. అది తిరిగి చెరువు మధ్యలోకి ఒక్క పరుగు తీసింది. ఆ కర్ర వంగలేదు. మావ వంగిపోయాడు. చక్రం వదిలి దారం ఇద్దామని చెయ్యి కదిపేలోపే ఆ గుంజు భుజానికి తగిలింది. గట్టు మీద అందరికీ వినపడేలా ఒక కేక పెట్టి, కర్ర వదిలేసి, ఎడమచేత్తో కుడి భుజం పట్టుకుని కూలబడ్డాడు. దారం తెగిపోయింది. కర్ర జారి నీళ్లలో పడితే నేను దిగి తీశాను. ఎవరో నవ్వారు. నవ్విందెవరో తెలిసి ఉంటే ఇప్పుడైనా వాడింటికి వెళ్లి తిట్టి వద్దును.

డాక్టరు టీ గ్లాసు పక్కన పెట్టి వచ్చాడు. మావ పక్కన గట్టు మీద మోకాళ్ల మీద కూర్చుని, భుజం నెమ్మదిగా నొక్కి చూశాడు. "కాల్ హాస్పిటల్ ఏషో, మిస్త్రీ" అన్నాడు. రేపు రమ్మనడం. ఆ మాట ఎంత మెత్తగా అన్నాడో, ఇక బెంచీ పోయినట్టేనని అప్పుడే మాకు తెలిసిపోయింది.

సోమవారం నేను డాక్టరు దగ్గరికి వెళ్లి, కర్ర బల్ల మీద పెట్టి, జరిగిందంతా చెప్పాను. ఆయన విసుక్కోలేదు. కర్ర తీసి ఊపి చూశాడు, కిటికీకి ఆనించి నొక్కాడు. "ఇది మొదట్నుంచీ ఇలాంటిదేనేమో, నాకేం తెలుసు? కోసేటప్పుడు నువ్వున్నావా?" అని హిందీలో అడిగాడు. లేనన్నాను. "అయితే కోసినవాణ్ణి తీసుకురా. ఆ కోసిన ముక్క తీసుకురా. రెండూ కలిపి చూస్తాను. నువ్వు చెప్పింది నిజమైతే నిన్న పడ్డ దెబ్బ లెక్కలోకి రాదు. నయమయ్యాక మళ్లీ పరీక్ష చేస్తాను" అన్నాడు. ఇంతకంటే న్యాయం ఎవరు చేస్తారు?

పరిగెత్తుకుంటూ షాపుకి వచ్చాను. టర్నరు లేతు ఆపకుండానే విన్నాడు.

"తోకన్నాడు, తోక కోసినాను. ఇందులో నా తప్పేటుంది?"

"తప్పని ఎవులన్నారన్నా? ఒక్కసారొచ్చి ఆ మాటే సెప్పు సాలు."

"రైల్వే లేతు మీద ప్రైవేటు పని సేసినానని నా నోటితో నేనే సెప్పాలా? రేపు ఛార్జిషీటిస్తే నువ్వు మోస్తావా?"

ఆ భయం అబద్ధం కాదు. అలాంటి పనికి శిక్ష పడ్డవాళ్లున్నారు. అందుకే గొంతు తగ్గించి, "పోనీ, నువ్వు రావొద్దు. ఆ ముక్క ఇయ్యి. ఎవులు కోసినారో నేను సెప్పను" అన్నాను.

"ఆ ముక్కేది? అప్పుడే స్క్రాప్‌లో పడీసినాను" అన్నాడు.

నేను స్క్రాప్ గుట్టంతా వెతికాను. వేళ్లు కోసుకున్నాయి. టర్నరు లేతు దగ్గర్నుంచి చూస్తూనే ఉన్నాడు. ఒకసారి వచ్చి, టీ తాగి వెతుక్కోమని కూడా అన్నాడు.

మావని ఫిట్టరు పనికి పనికిరాడని రాసేశారు. గేటు దగ్గర కుర్చీ వేశారు. మేస్త్రీ జాగాకి సీనియారిటీలో తర్వాత ఉన్నది టర్నరే. ఆ జాగా కోసమే కోశాడని నేనెప్పుడూ అనలేదు, ఇప్పుడూ అనను. ఇస్తే వద్దనలేదు, అంతే. ఆ రోజునుంచి నేను అన్నా అనడం మానేశాను, మేస్త్రీ సాబ్ అన్నాను. ఆయనకి ఆ తేడా తెలుసు.

మావ ఆ కురచ కర్ర గేటు దగ్గర పెట్టుకున్నాడు. లోపలికొచ్చే ఆవుల్ని దాంతోనే తోలేవాడు. "దీనికిదే సరైన పని" అని నవ్వేవాడు. నాకు నవ్వొచ్చేది కాదు. మళ్లీ చెరువు గట్టుకి రాలేదు. ఆయన రిటైరైన రోజు వాచ్‌మన్ టార్చీ ఇంకొకడికి అప్పగించి, సైకిలు నడిపించుకుంటూ వెళ్లిపోయాడని తర్వాత విన్నాను. ఆ టైముకి నేను షాపులో నా బెంచీ మీద ఒక్కణ్ణే సుత్తితో కొట్టాను. అందరూ తలెత్తి చూశారు. కొత్త మేస్త్రీ చూశాడు, తల దించుకున్నాడు. గేటు చాలా దూరం. వినపడిందో లేదో ఆయన్ని అడగడానికి నాకు ధైర్యం చాలలేదు. కొన్నేళ్లకి ఆయన పోయాడు.

తొంభైల్లో మా షాపునే కురచ చేశారు. ఆవిరి ఇంజన్లు పోయాయి, పోస్టులు ఎక్కువయ్యాయన్నారు. పైనుంచి వచ్చిన పెద్దమనిషి మీటింగులో తోక కత్తిరిస్తే చాలన్నాడు. మళ్లీ సన్నటి పక్కే కోశారు. ఖలాసీలు పోయారు, పనిముట్టు చేతిలో పట్టుకునేవాళ్లు పోయారు. ఆఫీసు వైపు లావు అలాగే ఉంది. ఆ మీటింగులో నాకు నవ్వాగలేదు. బయటికి పొమ్మన్నారు.

అదే రోజుల్లో టర్నరు రిటైరయ్యాడు. బెంచీ మీదనుంచే. పనిముట్లు అప్పగించి, పెట్టె ఖాళీ చేసి, మెడలో దండలతో బయల్దేరాడు. సుత్తులు మోగుతున్నాయి. నేను సుత్తి ముట్టుకోలేదు. ఆయన నడుస్తూ నడుస్తూ నా బెంచీ దగ్గర ఆగాడు. చొక్కా లోపల్నుంచి పాత గుడ్డలో చుట్టింది ఏదో తీసి బల్ల మీద పెట్టాడు.

"పారీలేకపోనాన్రా" అన్నాడు. అంత మోతలోనూ నాకు స్పష్టంగా వినపడింది. ఇంకేదైనా అంటాడేమోనని చూశాను. ముందుకి నడిచి వెళ్లిపోయాడు. గుమ్మం దాటేదాకా మోత ఆగలేదు.

గుడ్డ విప్పాను. మూరెడు ముక్క. చివర పాత రింగు అలాగే ఉంది. స్క్రాప్‌లో పడేశానన్న ముక్క, నేను వేళ్లు కోసుకుని వెతికిన ముక్క, పారేయలేక అన్నేళ్లూ ఆయన పెట్టెలోనే దాచుకున్నాడు. లేతుకి చెయ్యి చాచినంత దూరంలో.

సాయంత్రం దాన్ని తీసుకుని నిమ్‌పురా వెళ్లాను. అత్త పెద్ద కొడుకు దగ్గర ఉంటోంది. పెరట్లో బట్టల తీగ కిందికి జారకుండా ఆ కురచ కర్రే ఊతం పెట్టి ఉంది, ఎర్ర దారం వెలిసిపోయింది. ఆ ముక్క అత్త చేతిలో పెట్టి, ఎవరిచ్చాడో చెప్పాను. మావ బతికుండగా ఆ కర్ర కొస ఆవిడెప్పుడూ ముట్టుకోలేదు. రెండు కొసలూ పట్టుకుని వంచింది. విల్లులా వంగి, వదలగానే తిన్నగా అయింది. మళ్లీ వంచింది.

"ఇంత మెత్తగుండేదేటి ఇది?" అంది. వంచడం ఆపి, "ఆడేటన్నాడు?" అని అడిగింది.

"పారీలేకపోనానన్నాడు."

"పారీక్కర్లేదు. ఆ సోమవారం నీ సేతికిస్తే సరిపోయీది" అంది.

ముక్క నాకు తిరిగిచ్చి, తీగ మీద బట్టలు తియ్యడానికి వెళ్లింది.